మన కొండల మీది రోడ్డు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం వాళ్లు మమ్మల్ని ఆడపిల్లల చదువు మీద మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాం. ఈసారి రోడ్డు గురించి మాట్లాడతామంటే కొంచెం ఆశ్చర్యపోయారు. హాస్టల్ వార్డెన్‌కి రోడ్డుతో పనేమిటని. నిజానికి హాస్టల్ నడిపేవాళ్లకి ఉన్నంత పని ఇంకెవరికీ ఉండదు. జూన్‌లో పిల్లలు ట్రంకుపెట్టెలతో దిగేది ఆ రోడ్డు మీదే. బియ్యం, గుడ్లు, గ్యాస్ బండలు వచ్చేది ఆ రోడ్డు మీదే. జ్వరం వచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లేది దాని మీదే. దసరా సెలవులకు వెళ్లి తిరిగిరాని పిల్లని వెతుక్కుంటూ మేము పోయేదీ దాని మీదే.

ఆ రోడ్డుకి ఇప్పుడు ఒక నంబరు ఉంది. జాతీయ రహదారి 516ఈ. నీలం బోర్డుల మీద, పచ్చ బోర్డుల మీద మీరంతా చూసే ఉంటారు. ఒకరోజు స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగాం, ఈ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని. ఒక పిల్ల లేచి, "మా ఊరి మలుపు దగ్గర మొదలవుతుంది మేడం" అంది. అందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎవరికైనా రోడ్డు వాళ్ల ఊరి మలుపు దగ్గరే కదా మొదలయ్యేది.

ముందు దారి చెప్తాం. రాజమహేంద్రవరంలో మొదలవుతుంది. గోకవరం దాటాక మైదానం అయిపోయి కొండలు కనబడతాయి. రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు. అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి, చింతపల్లి ప్రాంతం. తర్వాత పాడేరు. పాడేరు నుంచి హుకుంపేట, డుంబ్రిగూడ మీదుగా అరకు. అరకు నుంచి సుంకరిమెట్ట కాఫీ తోటలు, అనంతగిరి, మళ్లీ ఘాట్ దిగితే బొడ్డవర. అక్కణ్నుంచి శృంగవరపుకోట మీదుగా విజయనగరం. మొత్తం దాదాపు 400 కిలోమీటర్లు. రెండు చివరలూ మైదానంలో ఉన్నాయి, మధ్యదంతా మనది. కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మర్లు, భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియా, గదబ, పోర్జ, నూకదొర, ఎన్ని తెగలు, ఎన్ని భాషలు ఆ మధ్యలో ఉన్నాయో మీకు మేము చెప్పక్కర్లేదు. మా హాస్టల్లో ఒక గదిలో నాలుగు భాషలు వినబడతాయి. దెబ్బలాడుకునేటప్పుడు మాత్రం అందరూ తెలుగులోనే దెబ్బలాడుకుంటారు.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు పాడేరు, రంపచోడవరం రెండూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కాగితం మీద ఒక జిల్లా. కానీ రంపచోడవరం వైపు వాళ్లు పాడేరు కలెక్టరేట్‌కి రావాలంటే ఒక రోజు చాలేది కాదు. చాలామంది కిందికి దిగి, మైదానం మీదుగా తిరిగి, మళ్లీ ఎక్కేవాళ్లు. మన ఊళ్ల నుంచి మన ఊళ్లకి పోవడానికి మనది కాని దారిలో తిరిగిరావాలి. అది చాలా ఏళ్లు మనకు మామూలైపోయింది.

ఇప్పుడు వెనక్కి పోదాం.

మేము చదువుకున్న రోజుల్లో సాంఘికశాస్త్రం పుస్తకంలో అల్లూరి సీతారామరాజు గారి పాఠం ఉండేది. ఊరి పేర్లు బట్టీ పట్టాం. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. పరీక్షలో మార్కులు వచ్చాయి. ఆ ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఏ దారిలో ఉన్నాయో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిస్తే ఎంతసేపు పడుతుందో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లాక ఒక మ్యాప్ గీయమన్నారు. అప్పుడు ఆ పేర్లన్నీ పెన్సిల్‌తో చుక్కలు పెట్టి కలిపితే మా ఊరి బస్సు పోయే దారి వచ్చింది. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. రాజవొమ్మంగిలో బంధించి ఉంచిన మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లారు. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం. అప్పటికి పోలీసులు ముందే ఆయుధాలు దాచేశారు, వాళ్లకేమీ దొరకలేదు. ఎందుకంటే వస్తున్నామని మిరపకాయ టపా పంపి చెప్పి వచ్చేవాళ్లు. ఈ పేర్లు మళ్లీ ఒకసారి చూడండి. చింతపల్లి, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం నాలుగూ ఇవాళ్టి 516ఈ పోయే ఊళ్లే. కృష్ణదేవిపేట కొయ్యూరు పక్కనే.

ఆ పోరాటం ఎందుకొచ్చింది? పుస్తకంలో అటవీ చట్టం అని ఉంటుంది. అది నిజం. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద, పశువుల మేత మీద, కట్టెల మీద ఆంక్షలు పెరుగుతూ వచ్చాయి. అంతకు ముందే 1879లో రంపలో పెద్ద తిరుగుబాటు జరిగింది. ముఠాదారుల హక్కులు పోతున్నాయి, కల్లు మీద పన్ను పడింది, కింది నుంచి వచ్చిన వడ్డీవ్యాపారులు కోర్టు కాగితాలతో పశువుల్ని తోలుకుపోతున్నారు. కానీ 1922 నాటి కారణాల్లో ఇంకొకటి ఉంది. మీలో చాలామందికి అది తెలియదనుకుంటున్నాం. అది రోడ్డు.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించే పని అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. కొండ మీద రోడ్డు అంటే ఎలా వేస్తారు? యంత్రాలు లేవు. గునపం, పార, తట్ట, సమ్మెట. ఊరికి ఇంతమంది రావాలని హుకుం. రానన్నవాళ్లకి దెబ్బలు. వచ్చినవాళ్లకి కూలి సగం, సగంలో సగం, ఒక్కోసారి ఏమీ లేదు. సొంత పొలంలో సామలు, రాగులు కోతకొస్తే వదిలేసి రోడ్డు మీద రాళ్లు కొట్టాలి. దీన్నే మన పెద్దలు వెట్టి అన్నారు. బట్టిపనుకుల గ్రామానికి చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములకు బాస్టియన్‌తో తగాదా వచ్చింది ఈ కాలంలోనే. వాళ్లిద్దరూ తర్వాత సీతారామరాజు గారికి కుడిభుజం, ఎడమభుజం అయ్యారు.

మా తాత చెప్పేవాడు, వాళ్ల నాన్న ఘాట్ మీద రాళ్లు కొట్టడానికి వెళ్లాడని. అంబలి ముంత ఇంటి నుంచి తీసుకెళ్లేవాళ్లట. సాయంత్రం దిగేటప్పుడు ముంత ఖాళీ, చేతులూ ఖాళీ. చిన్నప్పుడు మేము ఆ మాట పట్టించుకోలేదు. తాతలు చెప్పే వంద మాటల్లో అదొకటి. ఇప్పుడు అడగడానికి తాత లేడు. ఏ మలుపు దగ్గర కొట్టాడో, ఎన్నాళ్లు కొట్టాడో, కొట్టించింది ఎవరో ఒక్కటీ రాసిపెట్టుకోలేదు. టీచర్ ట్రైనింగ్ అయిన మనిషిమి, ఇంట్లో ఉన్న చరిత్రనే పారేసుకున్నాం.

ఒక విషయం ఆలోచించండి. మనవాళ్లకి అంతకుముందు దారులు లేవా? ఉన్నాయి. కావడి మోసుకుని, పెరికెద్దుల వెంట, తలమీద మూటలతో సంతకి పోయే కాలిబాటలు కొండంతా ఉన్నాయి. చింతపండు, తేనె, పిప్పళ్లు, అడ్డాకులు కిందికి దిగేవి, ఉప్పు, గుడ్డలు పైకి ఎక్కేవి. ఆ బాటలు ఎక్కడ చీలతాయో, ఎక్కడ ఊట ఉంటుందో మనకే తెలుసు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది అదే. పోలీసు దళం ఇరుకు బాటలో ఒకరి వెనక ఒకరు నడవాల్సి వచ్చింది. పైనుంచి మనవాళ్లు చూస్తున్నారు. భారతీయ పోలీసులను వదిలిపెట్టి తెల్ల అధికారులు కవర్డ్, హైటర్ ఇద్దరినే గురిచూసి కొట్టారు. బాట మనది కాబట్టి సాధ్యమైంది. తర్వాత మలబారు పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజు గారిని చంపేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటందొర కూడా ఆ తర్వాత పోలీసుల చేతుల్లోనే చనిపోయాడు. మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకి వెళ్లాడు.

ఆ మల్లుదొర గారే 1952లో, దేశంలో మొట్టమొదటి ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఈ మాట చెప్పినప్పుడల్లా హాస్టల్ పిల్లలు కళ్లు పెద్దవి చేస్తారు. రోడ్డు వెట్టి మీద తిరగబడ్డ మనిషి అండమాన్ నుంచి పార్లమెంటుకి వెళ్లాడు. పాఠ్యపుస్తకంలో ఈ వాక్యం మాకు ఎక్కడా కనబడలేదు. మీరు మీ ఫోన్లలో స్టేటస్ పెట్టుకోవడానికి ఏవేవో వెతుకుతారు కదా, ఇది పెట్టుకోండి.

స్వతంత్రం వచ్చాక సంగతి త్వరగా చెప్పేస్తాం. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. లారీలు వచ్చాయి, ఆర్టీసీ బస్సు వచ్చింది. కొండ మీద కాఫీ వచ్చింది, సిల్వర్ ఓక్ నీడ, దాని మీదికి పాకే మిరియం తీగ, 2019లో అరకు వేలీ అరాబికాకు భౌగోళిక గుర్తింపు. కాఫీకి మంచి ధర రావడంలో రోడ్డుకీ వాటా ఉంది. కొనేవాడు తోట దాకా రాగలిగితే దళారీ చెప్పిన ధరకే ఇచ్చేయాల్సిన పని తగ్గుతుంది. ఆడపిల్లలు ఇంటర్మీడియట్ దాకా చదవడంలోనూ ఉంది. మేము చదివేటప్పుడు మా బ్యాచ్‌లో పదో తరగతి దాటిన ఆడపిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవాళ బస్సు ఉంది కాబట్టి పంపిస్తున్నారు. రోడ్డు వద్దని చెప్పడానికి మేము ఇక్కడికి రాలేదు. అలా అనుకున్నవాళ్లు ఉంటే దయచేసి ఆ మాట ఇక్కడే వదిలేయండి.

అయితే రోడ్డు వెడల్పు అవుతున్నప్పుడు మేము చూసింది ఒకటి చెప్పాలి. రెండు వానాకాలాల క్రితం, రాత్రి తొమ్మిది గంటలకి ఒక ఆరో తరగతి పిల్లకి జ్వరం. వణుకు ఆగడం లేదు. 108కి ఫోన్ చేశాం. వచ్చారు, పాపం వెంటనే బయలుదేరారు. కానీ మాకూ అంబులెన్స్‌కీ మధ్య ఒక కల్వర్టు ఉంది. పాతది తవ్వేశారు, కొత్తది కట్టలేదు, పక్కన వేసిన మట్టి దారి ఆ సాయంత్రం వానకి కొట్టుకుపోయింది. పని చేయించేవాళ్లు ఒక ఎర్ర రిబ్బన్ కట్టి వెళ్లిపోయారు. మేము, వంటమనిషి, వాచ్‌మన్, పక్క ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు కలిసి దుప్పటికి కర్ర కట్టి పిల్లని మోసుకుని నీళ్లలో దాటించాం. మోకాళ్ల లోతు నీళ్లు. అవతల అంబులెన్స్ లైట్లు కనబడుతున్నాయి. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. నాలుగు రోజుల్లో తేరుకుంది, ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇందాక చెప్పాం చూడండి, మా ఊరి మలుపు దగ్గర మొదలవుతుంది అన్న పిల్ల, ఆ పిల్లే.

లోపలి ఊళ్లలో డోలీ కట్టడం మనకు కొత్తకాదు. జాతీయ రహదారి మీద డోలీ కట్టడం మాత్రం మాకు అదే మొదటిసారి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. యువత కాబట్టి మీకే చెప్పాలి, మీ అమ్మానాన్నలకి చెప్తే సరిపోదు.

రోడ్డు వెడల్పు అయినప్పుడు పక్క భూమి పోతుంది. జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకునే ముందు ఒక నోటిఫికేషన్ ఇస్తారు. దాన్ని 3ఏ అంటారు. రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పత్రిక. వేసిన రోజు నుంచి 21 రోజుల లోపు అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. మన ఊళ్లలో పేపరు ఎవరింటికి వస్తుంది? రాదు. ఆ 21 రోజులు గడిచిపోయాక జేసీబీ వచ్చినప్పుడు మనకు తెలుస్తుంది. పేపరు చదవగలిగేది, ఫోన్‌లో పేపరు తెరవగలిగేది మీరు. సర్వే నంబర్లు ఉన్న పేజీని మీరు చూడకపోతే మీ ఇంట్లో ఇంకెవరూ చూడరు.

నష్టపరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కన కట్టాలి. భూమి విలువే కాదు, దాని మీదున్న చెట్లకీ, ఇంటికీ, బావికీ కట్టాలి. చింత, పనస, కాఫీ, మిరియం అన్నీ లెక్కలోకి రావాలి. ఆ మొత్తం మీద మళ్లీ నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతారు. అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లని కూడా ఆ చట్టం భూమి యజమాని అనే అంటోంది. కొలతలు తీసేవాళ్లు వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఒక్కరైనా నిలబడి చెట్లు లెక్కపెట్టించాలి, మీరు కూడా ఒక కాగితం మీద రాసుకుని ఫోటో తీసుకోవాలి.

మా పాత విద్యార్థిని ఒకమ్మాయి తండ్రికి ఇలా జరిగింది. రోడ్డు పక్క ఎకరం లోపు మెట్టు. మూడు పనస చెట్లు, ఒక చింత. భూమి ఆయన తాత పేరు మీదే ఉంది. తాత పోయి ముప్పై ఏళ్లు, నాన్న పోయి పదేళ్లు. ఎవరూ అడంగల్‌లో పేరు మార్పించుకోలేదు. అవసరం పడలేదు కాబట్టి. ఊళ్లో అందరికీ తెలుసు ఆ మెట్టు ఎవరిదో. కానీ ఊరికి తెలిసినంత మాత్రాన కాగితానికి తెలియదు. చెట్లు ఒక్క మధ్యాహ్నంలో పోయాయి. డబ్బు మాత్రం వారసులెవరో తేలేదాకా ఆగిపోయింది. ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆ ముసలాయన మాతో ఒకటే అన్నాడు, "ఏటమ్మా, పనసకాయ ఎన్నేళ్లు తిన్నామో రాసుకోలేదు, అదే తప్పయిపోయింది" అని. ఇవాళ ఇంటికెళ్లాక చేయాల్సిన పని ఇదొక్కటే అయినా చేయండి. మీ భూమి ఎవరి పేరు మీద ఉందో చూడండి. చనిపోయినవాళ్ల పేరు ఉంటే సచివాలయంలో మ్యుటేషన్‌కి దరఖాస్తు పెట్టించండి.

రోడ్డు కోసం పోయే భూమి ఇది. రోడ్డు వచ్చాక పోయే భూమి ఇంకొకటి ఉంది. అది దీనికంటే ఎక్కువ.

లంబసింగికి మన పెద్దలు పెట్టుకున్న ఇంకో పేరు కొర్రబయలు. బయట ఉంటే కర్రలా కొయ్యబారిపోతారని. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. చిన్నప్పుడు డిసెంబరులో అక్కడ ఉండేది మనమూ మన చలిమంటలే. ఇప్పుడు శనివారం రాత్రి చూడండి, కార్ల వరస. రోడ్డు బాగుపడేకొద్దీ ఇంకా వస్తారు. వచ్చినవాళ్లు గుడారం కావాలంటారు, బిర్యానీ కావాలంటారు. తప్పు కాదు. కానీ ఆ గుడారం ఎవరి భూమిలో, ఎవరి పెట్టుబడితో, ఎవరి పేరు మీద?

మన భూమి మనవాళ్ల చేతి నుంచి పోకుండా కాపాడే చట్టం మొదట 1917లోనే వచ్చింది, అంటే మన ముత్తాతలు ఆ ఘాట్ రోడ్డు కొట్టకముందే. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 రెగ్యులేషన్. అందరూ 1/70 అంటారు కదా, అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ చేస్తే చెల్లదు. ఇక్కడ బదిలీ అనే మాట పట్టుకోండి. అమ్మడం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆ భూమికి సంబంధించిన ఒప్పందం కూడా బదిలీయే. "అమ్మలేదు మేడం, పదేళ్ల లీజుకే ఇచ్చాం" అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ చెల్లదు. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి.

ఈ రోడ్డు మీదే అనంతగిరి ఉంది. అక్కడ బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ చట్టంలో వ్యక్తి అనే మాట కిందికి ప్రభుత్వం కూడా వస్తుందని. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని. దేశమంతా సమత తీర్పు గురించి చదువుకుంటుంది, లా కాలేజీల్లో పాఠం చెప్తారు. మన పిల్లలు ఆ ఊరి మీదుగా బస్సులో పోతూ కిటికీలోంచి గుహల బోర్డు చూస్తారు, అంతే.

అంత గట్టి చట్టం ఉంది కాబట్టే ఇప్పుడు మీ దగ్గరికి వస్తున్నారు. భూమి కోసం కాదు, మీ పేరు కోసం. మాకు బాగా తెలిసిన ఒక అబ్బాయి సంగతి చెప్తాం. బాయ్స్ హాస్టల్లో చదివాడు, తెలివైనవాడు. కింది నుంచి ఒకాయన వచ్చాడు. మీ నాన్న మెట్టులో గుడారాలు వేద్దాం, అంతా నీ పేరు మీదే, కరెంటు మీటరు నీ పేరు, బ్యాంకు ఖాతా నీ పేరు, నెలకి ఇంత ఇస్తాను అన్నాడు. అబ్బాయి సంబరపడ్డాడు. మేము అడిగాం, ఏమేం సంతకాలు పెట్టావని. స్టాంపు కాగితాల మీద పెట్టాడు. వాటి మీద ఏం రాసి ఉందని అడిగాం. కొన్ని ఖాళీవట. చెక్కుబుక్కు? ఆయన దగ్గరే ఉంది. "నా పేరు మీదే కదా మేడం, ఎప్పటికైనా నాదే కదా" అన్నాడు. తర్వాత అదే ఖాతా మీద అప్పు తీసుకున్నట్టు నోటీసు వచ్చింది. వాళ్ల అమ్మ ఇప్పుడు సొంత మెట్టులో దిగినవాళ్ల దుప్పట్లు ఉతుకుతోంది, రోజు కూలికి. ఆమెని చూసినప్పుడు మాకు మా తాత చెప్పిన అంబలి ముంతే గుర్తొచ్చింది.

ఆ అబ్బాయిని ఈ సభకి రమ్మన్నాం. రాలేదు. ఎస్‌డీసీ కోర్టులో కేసు వేయొచ్చని చెప్పాం, కాగితాలు రాసి ఇస్తామన్నాం. భయపడుతున్నాడు. తన పేరు కూడా తప్పులో ఉంటుందని. ఆ భయం అబద్ధం కాదు. అందుకే సంతకం పెట్టేముందే రమ్మంటున్నాం. మేము వార్డెన్లం, లాయర్లం కాదు. కానీ ఏ కాగితమైనా చదివి తెలుగులో చెప్పగలం. హాస్టల్ ఆఫీసులో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఉంటాం. మా పిల్లలు కానివాళ్లు కూడా రావచ్చు. సిగ్గుపడకండి.

గుడారాలు మీరే వేయండి. మేము వద్దనం. మహిళా సంఘం పేరు మీద, నలుగురు కుర్రాళ్లు కలిసి, గ్రామసభలో చెప్పి, లెక్క మీ చేతిలో పెట్టుకుని చేయండి. చిన్నగా మొదలవుతుంది, పరవాలేదు. కాఫీ మీరే వేయించి కప్పుల్లో అమ్మండి. మన గింజని విశాఖపట్నం పంపి, అక్కడ పొడి చేయించి, లంబసింగిలో మళ్లీ కొనుక్కుని తాగుతున్నాం. ఇంతకంటే వింత ఇంకోటి మేము చూడలేదు.

ఇంకొక్క మాట, లోపలి ఊళ్ల గురించి. 516ఈ వెడల్పు అయింది, బాగుంది. కానీ మా హాస్టల్ పిల్లల్లో సగానికి పైగా ఆ రోడ్డు దిగాక ఇంకా నడవాలి. కొందరు మూడు కిలోమీటర్లు, కొందరు ఎనిమిది. గర్భిణిని డోలీలో తెచ్చేది ఆ ఎనిమిది కిలోమీటర్లే. పెద్ద రోడ్డు ప్రారంభానికి రిబ్బన్ కత్తిరించేవాళ్లు దొరుకుతారు, ఆ ఎనిమిది కిలోమీటర్ల కోసం అర్జీ రాసేవాళ్లు దొరకరు. ప్రతి గ్రామసభలో ఆ అర్జీ మళ్లీ పెట్టండి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకుని దాచండి. పోయినసారి ఇచ్చాం కదా అని ఊరుకోకండి.

చివరగా ఒక పుస్తకం చూపించాలి. ఇదిగో, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. పిల్లలు దీనికి దారి పుస్తకం అని పేరు పెట్టారు. రంపచోడవరం నుంచి బొడ్డవర దాకా రోడ్డు మీది ఊళ్లన్నీ వరసగా, ఊరికి ఒక పేజీ. సెలవులకి వెళ్లినప్పుడు ఇంట్లో ముసలివాళ్లని అడిగి రాసుకురమ్మన్నాం. రోడ్డు ఎవరు కొట్టారు, మొదటి బస్సు ఎప్పుడు చూశారు, ఏ చెట్టు కింద ఆగేది, రోడ్డు కింద ఎవరి పొలం పోయింది. ఇప్పటికి నలభైకి పైగా పేజీలు నిండాయి. ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ మొదటిసారి లారీని చూసి అడవిలోకి పారిపోయిందని రాసింది. ఇంకో పిల్ల, ఘాట్ రాళ్లు కొట్టిన ఏడుగురి పేర్లు తెచ్చింది. ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు. అందులో మా ముత్తాత పేరు ఉంటుందేమోనని మేము రెండుసార్లు చదివాం. లేదు.

పుస్తకం వెనక బల్ల మీద పెడుతున్నాం, పెన్ను దారంతో కట్టి ఉంది. మీ ఊరి పేజీ ఖాళీగా ఉంటే రాయండి. పక్కన ముసలివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని అడిగి రాయండి, తెలుగు రాకపోతే మీ భాషలో చెప్పినా సరే, పిల్లలు రాసుకుంటారు. మాకు నాలుగు గంటలకి బస్సు ఉంది, హాస్టల్లో అటెండెన్స్ తీసుకోవాలి. అప్పటిదాకా బల్ల దగ్గరే ఉంటాం.